గులే పందిట్లో ఏడు కార్డులు

యూదుల కొత్త సంవత్సరం పండుగ దగ్గర పడిందంటే జెరీఫా పెరటి గేటుకు గడియ పడేది కాదు. ఊళ్లో ఆడవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు కార్డులు పట్టుకుని వచ్చేవాళ్లు. యెరూషలేం బజారులో తాళ్ల మీద ఆరేసి అమ్మే కార్డులు అవి. దానిమ్మ పళ్ల బొమ్మలవి, పావురాలవి, ముట్టుకుంటే వేళ్లకు మెరుపుపొడి అంటేవి, ఎందుకో గానీ యుద్ధ విమానాలవి కూడా. బొమ్మ వాళ్లే ఏరుకునేవాళ్లు. వెనకాల తెల్లగా ఉన్న భాగం నింపడం జెరీఫా పని.

ఊళ్లో చేతిరాత వచ్చిన ఆడది ఆమె ఒక్కతే. పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పమని పటాలంలోంచి ఒక టీచరమ్మాయిని పంపారు. యూనిఫారం వేసుకుని, జడ టోపీలోకి దోపుకుని వచ్చేది. మొదట్లో గది నిండా ఆడవాళ్లు కూర్చున్నారు. కోళ్లకు మేత వేసే వేళయిందని ఒకరు, వేళ్లు తిరగడం లేదని ఒకరు, మొగుడు నవ్వుతున్నాడని ఒకరు జారిపోగా ఆఖరికి జెరీఫా మిగిలింది. ఆమె మొగుడు సాసోన్ కూడా నవ్వాడు. కానీ తన చెల్లెలికి పండుగ కార్డు పంపాల్సి వచ్చినప్పుడు ఆయనే ఆమె ఎదురుగా బుద్ధిగా కూర్చున్నాడు.

"ఊరందరికీ గుండెకాయ నువ్వే అద్దెకిస్తున్నావే," అనేవాడు.

జెరీఫా రాతకు మంచి పేరుంది. జనం మాట్లాడితే అందులో మేకలుంటాయి, మోకాళ్ల నొప్పులుంటాయి, కోడలి మీద చాడీలుంటాయి. ఆమె అంతా ఓపిగ్గా వినేది. బియ్యంలో రాళ్లు ఏరినట్టు అవన్నీ ఏరిపారేసి, రెండు చక్కటి వాక్యాలు రాసేది. 'మంచి ఏడాది గ్రంథంలో మీ పేరు రాయబడాలి' అని మొదలుపెట్టి, చివర్లో మనసుకు తగిలేలా ఒక మాట వేసేది. కార్డు అందుకున్నవాళ్లు ఏడ్చారని కబురొస్తే ఆమెకు కడుపు నిండేది.

ఆ ఏడు మాత్రం కొందరు పట్టపగలు రాలేదు. చీకటి పడేముందు, గేటు దగ్గర అటూ ఇటూ చూసి, ఒంటరిగా వచ్చారు. ఏడు ఇళ్లవాళ్లు. ఏడు కార్డులూ ఒకే మనిషికి. యెరూషలేంలో తమ్ముడింట్లో ఉంటున్న గులేకి.

గులే జెరీఫాకు పక్కింటి మనిషి. ఇద్దరి పెరళ్లకు మధ్య ముళ్లతీగ కంచె ఒక్కటే అడ్డం. గులే మొగుడు హొదేదా. ఈ కొండమీద దిగిన మొదటి ఏడాది గుడారాల ముందు రాళ్లు ఏరినవాడు. ఏ ఇంట్లో చావు జరిగినా, ఏ ఇంట్లో ప్రార్థనకు పదిమంది మగవాళ్లు కూడకపోయినా, "హొదేదాను పిలవండి," అనేవాళ్లు. తోటలో ఉన్నా, తింటున్నా, చేతులు కడుక్కుని పరిగెత్తేవాడు. పదిమంది లేనిదే చనిపోయినవాడి కోసం చదివే కద్దీష్ సాగదు. ఊళ్లో ఎన్నో కద్దీష్‌లు హొదేదా పదోవాడై నిలబడబట్టే సాగాయి.

ఆయన పోయినేడు ఎండాకాలంలో పోయాడు. పీచ్ పళ్ల కోత మంచి జోరు మీదుంది. ఏడు రోజుల మైలలో మూడో సాయంత్రం, కోత సరుకు కోసం లారీ వచ్చింది. మగవాళ్లంతా లారీ దగ్గర. గులే ఇంట్లో తొమ్మిదిమంది కూర్చున్నారు. సాసోన్ వాళ్లలో ఒకడు. పదోవాడి కోసం గులే తమ్ముడు తోటదాకా పోయి కేకేశాడు. "వస్తున్నాం, వస్తున్నాం," అన్నారు. పొద్దు కుంకింది. ఎవడూ రాలేదు. ఎవడికి వాడు ఇంకొకడు పోయి ఉంటాడనుకున్నాడు. తొమ్మిదిమందీ చీకట్లో ఎవరి ప్రార్థన వాళ్లు గొణుక్కుని లేచి వెళ్లిపోయారు. హొదేదా కోసం ఆ సాయంత్రం కద్దీష్ లేదు.

గులే ఏడవలేదు, తిట్టలేదు. మైల తీరిన మర్నాడు ఇంటికి తాళం వేసి తమ్ముడితో వెళ్లిపోయింది. అప్పట్నుంచి ఊరి మొహం చూడలేదు.

ఇప్పుడు ఊరి కమిటీ ఆ ఇల్లు ఇంకొకరికి ఇవ్వాలనుకుంటోంది. రొమేనియా నుంచి వచ్చిన కుటుంబం ఒకటి వలసవాళ్ల క్యాంపులో ఎదురుచూస్తోంది. పండుగలు వెళ్లాక ఇల్లు వదులుకుంటున్నట్టు వేలిముద్ర వేస్తానని గులే కబురు పంపింది. ఆ కబురు విన్నాకే ఏడిళ్లవాళ్లకూ నిద్ర పట్టలేదు. కమిటీ పెద్ద మర్దఖ్, గొడ్లచావిడి జకర్యా, బావి దగ్గరింటి నాజే, ఇంకా నలుగురు. ఒకరు వచ్చినట్టు ఒకరికి తెలియదు.

జకర్యా అందరికంటే ఎక్కువసేపు కూర్చున్నాడు. డెబ్బై దాటిన మనిషి. తల వంచుకుని, మోకాళ్ల మధ్య చేతులు దూర్చి ఏదో చెప్పాడు.

"ఇవి పండుగ కార్డు మీద రాసే మాటలు కావు మావా," అంది జెరీఫా మెల్లగా. "నేను బాగా రాస్తాగా."

"నీకు తెలుసులే తల్లీ. బాగా రాయి."

ఆమె బాగానే రాసింది. గులేకి ఏం రాయాలా అని మొదటి కార్డు దగ్గరే చాలాసేపు ఆలోచించింది. ఉన్నట్టుండి ఒక మాట దొరికింది. 'పొద్దున్నే కిటికీ తెరిస్తే మీ పొయ్యి పొగ కనపడదు. ఆ పొగ లేక మా ఇంట్లో తెల్లవారడం లేదు.' రాసి, తనే చదువుకుని, కళ్లు తుడుచుకుంది. రెండో కార్డుకు అంతకన్నా మంచి మాట తట్టలేదు. మూడోదానికీ తట్టలేదు. ఏడూ వేరేవేరే ఇళ్లనుంచి పోతున్నవే కదా, ఎవరి మాట వాళ్లది అనుకుంది.

తన పేరుతో మాత్రం కార్డు రాయలేదు. మా ఇంటాయన ఆ రోజు వెళ్లాడు, మా లెక్క శుభ్రంగా ఉంది, నేను అడగాల్సిన క్షమాపణ ఏముంది అనుకుంది.

కొత్త సంవత్సరం వెళ్లింది. ఉపవాస దినం వెళ్లింది. ఏడు రోజులూ వాకిట్లో వేసిన పందిరి కిందే తినే పందిళ్ల పండుగ వచ్చింది. కార్డు పంపినవాళ్లెవరూ ఒక సంగతి ఆలోచించలేదు. వచ్చిన కార్డులన్నీ పందిళ్ల పండుగకు తాడుకట్టి పందిట్లో తోరణంలా వేలాడదీస్తారు. వచ్చే పోయే చుట్టాలు తింటూ వాటిని చదువుతారు. ప్రతి ఇంట్లో చేసేదే. తామూ చేసేదే.

పండుగ రెండోనాడు, యెరూషలేంలోనే కాపురముంటున్న నాజే చెల్లెలు, చదువొచ్చిన మనిషి, గులే తమ్ముడింటికి పోయింది. మూడోనాటి పొద్దున్న నాజే జెరీఫా పందిట్లోకి ఊడిపడింది. లావుపాటి మనిషి, ఆవేశంలో పందిరి గుంజ ఊగిపోయింది.

"ఏమే రాతలమ్మా! నా కార్డులో రాసిందే జకర్యా కార్డులోనూ రాశావట కదా! మర్దఖ్ కార్డులోనూ అదేనట కదా!"

జెరీఫా చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది.

"మా చెల్లెలు వరసగా ఏడు చదివిందమ్మా, ఏడు! పందిట్లో కూర్చున్నవాళ్లంతా గొల్లున నవ్వారట. పొగ, పొగ, పొగ! ఏమనుకుంటుంది ఆవిడ? ఊరంతా కలిసి ఒక్క కన్నీటిబొట్టు కొని పంచుకున్నామనుకోదూ?"

"వదినా, గట్టిగా అరవకు..."

"ఎందుకరవకూడదు? నా ఏడుపూ మర్దఖ్ ఏడుపూ ఒకే కుండలోదా? ఆ మనిషికి ఏడుపొస్తుందని కూడా నాకు తెలియదు!"

ఆ మాట అంటుండగానే మర్దఖ్ గేటు తీశాడు. ఆయనకూ కబురందింది. వెనకాలే జకర్యా కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ఒకరినొకరు చూసుకుని ముగ్గురూ సిగ్గుపడ్డారు.

"నువ్వూ రాయించావా?" అంది నాజే.

"నువ్వు రాయించలేదేంటి?" అన్నాడు మర్దఖ్. ఆయన కమిటీ గొంతు సగంలోనే తడబడింది. "జెరీఫా, నేను కమిటీ పెద్దగా మాట్లాడటం లేదు. నాలుగు రోజుల్లో పండుగలైపోతాయి. ఆవిడ వేలిముద్ర వేసిందంటే ఇక ఆ ఇల్లు ఆవిడది కాదు. ఆవిడా మన మనిషి కాదు. రాసినదానివి నువ్వు. పోయి సర్దాల్సింది నువ్వే."

జకర్యా జెరీఫా వైపు చూశాడంతే. ఆ చూపు నాజే అరుపులకంటే ఎక్కువ తగిలింది.

సాసోన్ పందిరి మూలనుంచి అన్నాడు: "మధ్యాహ్నం బస్సుంది."

*

గులే తమ్ముడి ఇల్లు పాత పేటలో, నాలుగు కాపురాలకు ఒకటే వాకిలి ఉన్న చోట ఉంది. వాకిట్లో నాలుగు పందిళ్లు ఒకదానికొకటి ఒరుసుకుంటూ నిలబడ్డాయి. గులే పందిరికి గోడలు పూల దుప్పట్లు, పైన ఖర్జూరపు మట్టలు. లోపల తాడుమీద బట్టల క్లిప్పులతో ఏడు కార్డులు. వేరే బంధువుల కార్డులు ఇంకో తాడుమీద ఉన్నాయి. ఊరివి మాత్రం విడిగా, వరసగా.

గులే బల్ల దగ్గర ఆకుకూర తుంచుతోంది. తల ఎత్తింది. ఏడాదిలో మనిషి సన్నబడింది గానీ కళ్లు అవే, ఎదుటివాణ్ణి తూకం వేసే కళ్లు.

"వచ్చావా. దారి మర్చిపోయావనుకున్నాను."

"అక్కా..."

"ముందు కూర్చో. పందిట్లోకి వచ్చినవాళ్లను నిలబెట్టి తిట్టకూడదు. తిన్నాక తిడతాను."

పుల్లటి ఆకుకూర పులుసులో కుబ్బె, అంటే మాంసం కూరిన పిండి ఉండలు, వేసి పెట్టింది. జెరీఫా తిన్నది. గులే చేతి పులుపు నాలుకకు తగలగానే నమలడం ఆపేసింది. అది గులే చూసింది, చూడనట్టు ఇంకో రెండు ఉండలు వేసింది.

"సాసోన్ బాగున్నాడా?"

"బాగున్నాడు. నడుం నొప్పి."

"కోళ్లు?"

"సగం జబ్బుచేసి పోయాయి."

"ఊఁ." గులే ఆకుకూర పక్కకు నెట్టింది. "నీకు చదువొచ్చుగా. నాకు రాదు. ఇదిగో, మన ఊరినుంచి వచ్చిన కార్డులు. మరదలి చేత చదివించుకోవడం ఇష్టం లేక అట్లాగే తగిలించాను. చదివి పెట్టు."

జెరీఫా గిన్నె కింద పెట్టింది. ఈమెకు ఏమీ తెలియదన్నమాట! నాజే చెల్లెలు నవ్విందీ, చదివిందీ ఈమె లేనప్పుడేమో! లేచి మొదటి క్లిప్పు తీసింది. దానిమ్మ పళ్ల కార్డు.

"ఇది నాజే వదినది. 'మంచి ఏడాది గ్రంథంలో మీ పేరు రాయబడాలి. పొద్దున్నే కిటికీ తెరిస్తే మీ పొయ్యి పొగ కనపడదు. ఆ పొగ లేక మా ఇంట్లో తెల్లవారడం లేదు.'"

"బాగుంది. తర్వాతది?"

పావురాల కార్డు. జకర్యాది. అవే అక్షరాలు, తన చేతి అక్షరాలు, వంపు కూడా మారకుండా అవే. జెరీఫా నోరు తెరిచింది, మూసింది. 'పొగ' అనే మాట ఈసారి నాలుక మీదకు రాలేదు. దానికి బదులు, ఆ రోజు తన పెరట్లో మోకాళ్ల మధ్య చేతులు దూర్చుకుని కూర్చున్న ముసలాయన గొంతు వచ్చింది.

"'అమ్మా గులే, ఆ సాయంత్రం నేను మీ గేటుదాకా వచ్చాను. గొడ్ల దగ్గర్నుంచి నేరుగా వచ్చాను. కిటికీలోంచి చూస్తే తలలు కనపడ్డాయి. చాలామంది ఉన్నార్లే అనుకున్నాను. ఒళ్లంతా పేడకంపు, ఇట్లా చావింట్లోకి ఎట్లా పోను, కడుక్కుని వద్దామని వెనక్కి పోయాను. కడుక్కుని కాసేపు నడుం వాల్చాను. తెల్లారాక తెలిసింది, లోపల తొమ్మిదిమందే ఉన్నారని. ఆ పదోవాణ్ణి నేనే. అప్పట్నుంచి ఒంటిమీద నీళ్లు పోసుకున్నప్పుడల్లా హొదేదా ఎదురుగా నిలబడుతున్నాడు.'"

గులే చెయ్యి బల్లమీద కదలకుండా ఆగింది.

"ఇది జకర్యా అన్నాడా?"

"అన్నాడు."

"కార్డు మీద ఇది లేదు."

జెరీఫా కార్డును గుండెకు ఆనించుకుంది.

"కార్డు మీద ఉన్నది పొగ," అంది గులే. "ఏడింటి మీదా పొగే. మొదటిరోజే మా మరదలు అన్నీ చదివింది. నాజే చెల్లెలు మళ్లీ చదివింది. పక్క పందిట్లో పిల్లలకు కంఠతా వచ్చేసింది."

"మరి నన్నెందుకు చదవమన్నావు?"

"నువ్వేం చేస్తావో చూద్దామని. సిగ్గులేకుండా ఏడుసార్లూ చదువుతావేమో, చదివితే నా కూడు తిన్న నోటితో అట్లాగే బస్సెక్కిద్దామనుకున్నాను." పావురాల కార్డు వైపు చూసింది. "జకర్యా గేటుదాకా వచ్చాడా? నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. ఆయన చెప్పినప్పుడు నువ్వెందుకు రాయలేదే?"

"పండుగ కార్డు మీద పేడకంపు ఎట్లా రాయను అక్కా?"

గులే నవ్వబోయింది, నవ్వు సగంలో ఇంకేదో అయిపోయింది. తలగుడ్డ అంచుతో మొహం తుడుచుకుంది. "మిగతావాళ్లేమన్నారు? కార్డు చూడకు. వాళ్లు ఏమన్నారో అది చెప్పు."

జెరీఫా చెప్పింది. మర్దఖ్ గేటు దగ్గర నిలబడే మాట్లాడాడు. లారీ డ్రైవరు తొందరపెడుతుంటే 'ఇదిగో వస్తున్నా' అని గులే తమ్ముడికి తనే జవాబు చెప్పానన్నాడు. ఆ 'ఇదిగో' ఇంకా గొంతులో అడ్డం పడి ఉందన్నాడు. ఆ పళ్లు పట్నం చేరేసరికి సగం కుళ్లిపోయాయి, అది కూడా రాయి, ఆవిడకు కాస్త చల్లగా ఉంటుందన్నాడు.

"కుళ్లాయా?" అంది గులే.

"సగం."

"సగమేనా." గులే నిట్టూర్చింది. "నాజే?"

"నీ జల్లెడ తన దగ్గరే ఉందంట. శుక్రవారం శుక్రవారం పిండి జల్లించేటప్పుడు, వెనక్కి అడగడానికైనా రాలేదు చూడు ఈ పొగరుబోతుది అని నిన్ను తిడుతుందంట. తిట్టి, తర్వాత ఏడుస్తుందంట. జల్లెడ మాత్రం ఇవ్వదంట, నువ్వే వచ్చి తీసుకోవాలంట."

"దొంగముండ," అంది గులే. ఆ మాటలో చాలా ప్రేమ ఉంది.

మిగిలిన నలుగురివీ చెప్పింది. ఒకరు కోత అంటే ఒకరు జ్వరమన్నారు, ఒకరు సాకు కూడా చెప్పకుండా కూర్చుని లేచి పోయారు. అది కూడా చెప్పింది. గులే ఒక్కొక్కటీ వింది, కొన్నింటికి తల ఊపింది, కొన్నింటికి మూతి విరిచింది. వాకిట్లో నీడలు పొడుగయ్యాయి.

"సరే," అంది చివరికి. "ఇప్పుడు ఒక సంగతి చెప్పు. జకర్యా ఇల్లు ఎక్కడ?"

"గొడ్లచావిళ్ల దగ్గర."

"కొండకు ఆ పక్క. అక్కణ్ణుంచి నా పొయ్యి పొగ ఆయనకెట్లా కనపడింది? ముసలితనంలో మెడ సాగిందా? మర్దఖ్ ఎండ నడినెత్తికొచ్చేదాకా లేవడు. నాజే వంటింటికి అటువైపు కిటికీయే లేదు." గులే ముందుకు వంగింది. "నా పొయ్యి పొగ కనపడే కిటికీ ఆ ఊరు మొత్తం మీద ఒక్కటుంది. అది ఎవరిదే?"

జెరీఫా తల దించుకుంది.

"ఏడుగురి చేత నీ మాట పంపావు. నీ పేరుతో ఒక్కటీ లేదు. మొదటి కార్డు వినగానే నాకు తెలిసింది, ఇది జెరీఫాదని. నీ కార్డు కూడా చదవమన్నాను మా మరదల్ని. లేదంది. మళ్లీ వెతకమన్నాను. లేదంది. ఎందుకే?"

"సాసోన్ ఆ రోజు వచ్చాడు కదక్కా. మేం తప్పు చేయలేదు కదా, నేనేం క్షమాపణ..."

"తప్పు చేసినవాళ్లే రాయాలా పండుగ కార్డు? నిన్ను క్షమాపణ ఎవరడిగారే? నన్ను నొప్పించినవాళ్లంతా వరసకట్టి పలకరిస్తే, ఏమీ చేయనిదానివి నువ్వు తలుపేసుకుని కూర్చున్నావు. శుభ్రంగా ఉన్నానని!"

జెరీఫా సంచీలో చేయి పెట్టింది. పెన్ను ఎప్పుడూ ఉంటుంది అందులో. "ఇప్పుడు రాస్తాను అక్కా. ఇక్కడే, నీ ముందే."

"పండుగ రోజుల్లో కలం పట్టకూడదు. అది కూడా మర్చిపోయావా? నోరుంది కదా."

పెన్ను చేతిలో ఉంటే జెరీఫాకు మాటలు వరసలో వచ్చి నిలబడేవి. అది సంచీలోకి జారిపోయాక ఒక్కటీ రాలేదు. బల్లమీద గీతలను వేలితో రుద్దింది.

"కిటికీ తెరిస్తే... అని రాశాను గానీ, అది అబద్ధం అక్కా," అంది. "నేను తెరవడం లేదు. చలికాలంలో సాసోన్ చేత మేకులు కొట్టించేశాను. గాలి కొడుతోందని చెప్పాను. గాలేం కాదు. మీ ఇంటి తాళం కనపడుతుంది అక్కణ్ణుంచి. వంటింట్లో పగలు కూడా దీపం పెట్టుకుంటున్నాను. సాసోన్ నాకు పిచ్చి పట్టిందనుకుంటున్నాడు. కొత్తవాళ్లెవరో వచ్చి ఆ తాళం తీస్తారంటే..." అక్కడ ఆగిపోయింది. "అంతే. ఇంకేం లేదు. బాగా చెప్పడం రావడం లేదు."

గులే చెయ్యి చాచి జెరీఫా ముందున్న గిన్నె తీసి, అడుగున మిగిలిన పులుసు తన గిన్నెలో వంపుకుని తాగింది.

"నీ ఒక్కదాని కోసం నేను రాను," అంది తర్వాత. "నీ మీద నాకు కోపం ఈ పండుగదే, చిన్నది, పోయింది. ఊరిమీది కోపం వేరు. అది కార్డులతో పోదు. ఆ గేటుదాకా వచ్చి తిరిగిపోయినాయన్ను ఈ గేటులోపలికి రమ్మను. నువ్వు చెప్పిన మాటలు వాళ్ల నోళ్లతో చెప్పమను, పేడకంపుతో సహా. వస్తే వస్తారు. రాకపోతే పండుగలయ్యాక వేలిముద్ర వేస్తాను, అంతే. పో, ఆఖరి బస్సు పోతుంది."

*

మర్నాడు మధ్యాహ్నానికి మర్దఖ్ లారీ పాతపేట సందు మొగలో ఆగింది. సందులో పట్టదు. వెనక తొట్టిలోంచి జనం దిగుతుంటే చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కిటికీల్లోకి వచ్చారు. ఏడిళ్లవాళ్లే కాదు. సంగతి తెలిసి ఇంకా కొందరు ఎక్కారు. కొందరు ఎందుకు ఎక్కారో వాళ్లకే తెలియదు. నాజే జల్లెడ తేలేదు. అడిగితే, "ఎందుకు తెస్తాను? ఇచ్చేస్తే ఇక ఏం పెట్టి పిలవను?" అంది.

పందిట్లో ఆరుగురు పడతారు. మిగతావాళ్లు దుప్పట్లు పైకెత్తి వాకిట్లో నిలబడ్డారు. గులే బల్ల చివర కూర్చుని ఉంది. లేవలేదు.

జకర్యా కొత్త చొక్కా వేసుకున్నాడు. జుట్టు ఇంకా తడిగా ఉంది. ముందుకు వచ్చి నిలబడ్డాడు, నోరు తెరిచాడు, మాట రాలేదు. చుట్టూ చూసి జెరీఫా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు తల్లీ. నువ్వయితే బాగా చెబుతావు."

జెరీఫాకు మాట నాలుక చివరే ఉంది. ఎంత చక్కగా చెప్పొచ్చో కూడా తెలుసు. పెదవులు బిగపట్టి పందిరి కప్పు వైపు చూడసాగింది.

ముసలాయన కాసేపు కర్రమీద బరువు మార్చుకుంటూ నిలబడ్డాడు. చివరికి అన్నాడు: "వచ్చానమ్మా ఆ రోజు. గేటుదాకా. లోపలికి రాలేదు." కర్రను రెండు చేతులా పట్టుకున్నాడు. "రావాల్సింది."

గులే ఆయన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"స్నానం చేశావా ఇవాళ?"

"చేశాను. రెండుసార్లు."

"అయినా వాసన పోలేదు. రా, కూర్చో. నా పక్కన కూర్చో."

ఆయన కూర్చున్నాడు. కూర్చున్నాక చెయ్యి కళ్లమీద పెట్టుకున్నాడు. అప్పుడు నాజే మొదలుపెట్టింది, ఏడుస్తూ తిడుతూ, ఏది ఏడుపో ఏది తిట్టో తెలియకుండా. తర్వాత మిగతావాళ్లు. జ్వరమని చెప్పినతను అది జ్వరం కాదని ఒప్పుకున్నాడు. మాట రానివాళ్లు గులే తల నిమిరి పక్కకు తప్పుకున్నారు. అందరికంటే వెనక మర్దఖ్ వచ్చాడు, టోపీ చేతిలో నలుపుకుంటూ.

"'ఇదిగో' అన్నది నేనే," అన్నాడు.

"తెలుసు. పళ్లు కుళ్లాయట."

"కుళ్లాయి."

"మంచిది." గులే లేచి నిలబడింది. "ఆ రొమేనియావాళ్లకు పిల్లలెందరు?"

"ముగ్గురు. ఆవిడ మళ్లీ కడుపుతో ఉంది."

"అయితే వాళ్లకు నా చిన్న ఇల్లు చాలదు. స్కూలు పక్కన మూడు గదుల ఇల్లు కమిటీ గోడౌన్ చేసి తాళం వేసుకుంది కదా, అందులో ఎరువుల బస్తాలు తీసేసి అది ఇవ్వు."

మర్దఖ్ టోపీ నలపడం ఆపాడు. "అదెట్లా కుదురుతుంది? అది కమిటీ ఆస్తి. తీర్మానం చేయాలి. సంతకాలు..."

"చెయ్యి తీర్మానం! బస్తాలకు కావాలా మూడు గదులు? ఇంకో మాట. నా ఇంటి కప్పు ఉత్తరం వైపు కారుతోందని హొదేదా బతికుండగా కమిటీకి మూడుసార్లు చెప్పాడు. వానలు పడేలోపు పెంకులు వేయించాలి. కొత్తవి. పాతవి తిప్పి వేయించావంటే ఊరుకోను."

"కమిటీ దగ్గర ఈ ఏడు..."

"ఏమిటి ఈ ఏడు? పోయినేడూ అదే మాట. నీకు ముందున్నవాడూ అదే మాట!"

మర్దఖ్ గొంతు పెంచాడు. గులే అంతకంటే పెంచింది. వాకిట్లో ఉన్నవాళ్లు ఇద్దరి మధ్యా పడ్డారు, కొందరు కప్పు వైపు, కొందరు కమిటీ వైపు. నాలుగు పందిళ్ల చుట్టాలూ తినడం మానేసి చూస్తున్నారు. గులే మరదలు పెద్ద గిన్నె పట్టుకుని వచ్చి, ఇంతమందికి కుబ్బె చాలవు, ఎవరైనా పిండి తడపండమ్మా అని మొత్తుకుంటోంది.

జెరీఫా చేతులు కడుక్కుని పిండి ముందు కూర్చుంది. వెనక గులే పెంకుల లెక్క గట్టిగట్టిగా చెబుతోంది.